వాకిలి బీగం వేరు, బీరువా బీగం వేరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ రాత్రి పదకొండున్నరకు అలారం పెట్టుకునేవాణ్ని. తిరుపతిలో ఒక చిన్న ఆఫీసు. పగలంతా పోగైన లెక్కలు, ఫైళ్లు రాత్రికి వేరే ఊళ్లో ఉన్న సర్వర్‌కు చేరాలి. ఆ పని చేసే స్క్రిప్టు రాసింది నేనే. ఫైళ్లు ఏరడం, మూట కట్టడం, పంపడం అన్నీ అదే చూసుకునేది. మధ్యలో ఒక్కచోట మాత్రం ఆగి పాస్‌వర్డ్ అడిగేది. ఆ ఒక్క మాట టైపు చేయడానికి నేను మేలుకుని ఉండాలి. ఒక రాత్రి మేనమామ కూతురి పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచిపోయి, కల్యాణ మండపం మెట్ల మీద ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాను.

"ఏందిరా ఈ అవస్థ, ఇంకెవురికన్నా చెప్పకూడదా?" అన్నాడు మామ.

"నేను లేకపోతే జరగదు మామా" అన్నాను. అంటున్నప్పుడు కొంచెం గర్వంగా కూడా ఉండింది. ఇన్నేళ్ల తరువాత ఆ గర్వమే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. పనిని అప్పగించడం చేతకాక, ఆ చేతకానితనానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను.

అప్పగించడం నేర్చుకోవాలంటే ముందు ఒక చిన్న ప్రశ్న తేల్చుకోవాలి. కమాండ్ లైన్ ప్రోగ్రాము పాస్‌వర్డ్ అడిగితే మన బదులు స్క్రిప్టు జవాబు చెప్పవచ్చా? చెప్పవచ్చు. కానీ ఎలా చెప్పించాలి, ఎప్పుడు చెప్పించాలి, ఎప్పుడు ఆ ప్రశ్నే రాకుండా చూసుకోవాలి అన్నది తెలిసి ఉండాలి.

మూల సూత్రం

మా చిత్తూరు వైపు తాళాన్ని బీగం అంటాం. ఇంట్లో పనిచేసే ఆమెకు వాకిలి బీగం చెవి ఇస్తాం. బీరువాది ఇవ్వం. ఆమె మీద నమ్మకం లేక కాదు, గిన్నెలు తోమడానికి బీరువాతో పని లేదు గనక. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయికి గేటు వరకు చాలు. ఎవరి పనికి ఎంత తలుపు కావాలో అంతే తెరుస్తాం.

ఈ వివేకం మన అమ్మలందరికీ ఉంది. కంప్యూటర్ ముందు కూర్చోగానే మనమే దాన్ని మరిచిపోతాం. రాత్రి ఫైళ్లు కాపీ చేసే స్క్రిప్టుకు ఏకంగా మన సొంత పాస్‌వర్డ్ ఇచ్చేస్తాం. ఆ పాస్‌వర్డ్‌తో ఫైళ్లు చదవవచ్చు, చెరపవచ్చు, మన పేరుతో మెయిల్ పంపవచ్చు. కాపీ చేసే పనివాడికి ఇవన్నీ ఎందుకు? యంత్రం చేత మన వేషం వేయించకండి. దాని పేరుతో, దాని పనికి సరిపడా, దానికంటూ ఒక చిన్న బీగం చెవి చేయించి ఇవ్వండి. ఈ అధ్యాయమంతటికీ సారం ఇదే.

పైపులో పంపితే ఎందుకు తీసుకోదు?

మా దగ్గర పని నేర్చుకోవడానికి మదనపల్లె నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. మొదటి వారంలోనే తల పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఏందన్నా ఇది? ఎకోతో పాస్‌వర్డ్ రాసి పైపులో పంపిస్తా ఉండా. ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని తీసుకోకుండా మళ్లా నన్నే అడగతాది!"

ఆ అవస్థ పడని వాళ్లు ఈ వృత్తిలో తక్కువ. కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. పైపులో పంపినదంతా ప్రోగ్రాము స్టాండర్డ్ ఇన్‌పుట్‌కు చేరుతుంది. వేరే యంత్రంలోకి లాగిన్ చేయించే ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ కోసం అటు చూడనే చూడదు. నేరుగా టెర్మినల్‌ను తెరిచి అక్కడ అడుగుతుంది. యూనిక్స్ లోకంలో ఆ టెర్మినల్‌కు డెవ్ టీటీవై అనే పేరుతో ఒక ఫైలు ఉంటుంది. అడిగే ముందు, టైపు చేసిన అక్షరాలు తెర మీద కనిపించకుండా ఎకోను ఆపేస్తుంది. నిర్వాహకుడి (రూట్) అధికారంతో కమాండు నడిపించే సుడో కూడా మామూలుగా టెర్మినల్‌నే అడుగుతుంది. క్యాపిటల్ ఎస్ ఆప్షన్ ఇస్తేనే స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి తీసుకుంటుంది.

ఇది తప్పు కాదు, కావాలని చేసిన ఏర్పాటు. ఎదురుగా మనిషి కూర్చుని ఉన్నాడని నమ్మి వేసే ప్రశ్న అది. నిర్ణీత వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్‌లో నడిచే స్క్రిప్టుకు టెర్మినల్ ఉండదు. అందుకే మీ చేతిలో చక్కగా నడిచిన స్క్రిప్టు అర్ధరాత్రి క్రాన్‌లో చేతులెత్తేస్తుంది.

రాత్రిపూట యంత్రాలు ఒంటరిగా పనిచేయక తప్పదు. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి రాడార్ 1024 యాగీ యాంటెన్నాలతో, 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం మీద ఆకాశంలోని గాలుల కదలికను కొలుస్తుంది. గాలి మన నిద్రవేళలు చూసి వీయదు. ప్రయోగశాల కొలతలైనా, ఆసుపత్రి రికార్డులైనా, కిరాణా టోకు వ్యాపారి లెక్కలైనా రాత్రి ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేరాల్సి ఉంటే, ఆ దారిలో మనిషిని అడిగే ప్రశ్న ఉండకూడదు.

దానికి మూడు దారులున్నాయి. ఏది ముందు, ఏది తరువాత అన్నది ముఖ్యం.

మొదటి దారి: ప్రశ్నే రాకుండా చేయడం

1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి, దారిలో వెళ్తున్న పాస్‌వర్డ్‌లను కాజేశారు. ఆ దెబ్బ చూసి అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. పాస్‌వర్డ్ కాజేసే దొంగల భయంతో పుట్టిన ప్రోగ్రాముకు మనం ఇప్పటికీ పాస్‌వర్డే తినిపించాలని చూస్తున్నాం. అది అంతకంటే మంచి దారి చూపిస్తోంది. అదే తాళం చెవుల జత, అంటే కీ పెయిర్.

ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ అనే కమాండుతో ఈడీ25519 రకం జత చేయించండి. రెండు ఫైళ్లు వస్తాయి. రహస్యమైనది మీ యంత్రం దాటకూడదు. బహిరంగమైనదాన్ని అవతలి సర్వర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైలులో చేర్చాలి. లాగిన్ అయ్యేటప్పుడు రహస్య కీ ప్రయాణం చేయదు. అది పెట్టిన సంతకం మాత్రమే వెళ్తుంది, సర్వర్ ఆ సంతకాన్ని సరిచూసుకుంటుంది. దారిలో పొంచి ఉన్నవాడికి దొరికేది ఏమీ ఉండదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు కష్టపడాల్సింది ఇక్కడి నుంచే. మనిషి వాడే కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టి, ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌కు అప్పగించవచ్చు. అర్ధరాత్రి నడిచే పనికి సాధారణంగా పాస్‌ఫ్రేజ్ లేని కీ పెట్టాల్సి వస్తుంది. అలాంటప్పుడు ఆ కీ చేయగల పనిని అవతలి వైపే కట్టడి చేయాలి. ఆథరైజ్డ్ కీస్‌లో ఆ కీ వరుస మొదట్లో ఫ్రమ్ అని రాసి, ఏ అడ్రసు నుంచి రావచ్చో చెప్పండి. కమాండ్ అని రాసి, ఏ ఒక్క పని చేయవచ్చో చెప్పండి. రెస్ట్రిక్ట్ అని రాస్తే మిగతా దొడ్డిదారులన్నీ మూసుకుంటాయి. ఇక ఆ కీ ఎవరి చేతిలో పడినా బ్యాకప్ పెట్టగలరే తప్ప సర్వర్‌లో తిరగలేరు. వాకిలి బీగం వరకే ఇవ్వడం అంటే ఇదే.

స్క్రిప్టులో ఎస్‌ఎస్‌హెచ్‌ను బ్యాచ్‌మోడ్‌లో నడపండి. కీ పనిచేయకపోతే అది పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడిపోదు, వెంటనే విఫలమై ఆ సంగతి చెబుతుంది. చెప్పి ఆగిపోయే పనివాడు, చెప్పకుండా నిలబడిపోయే పనివాడి కంటే ఎప్పుడూ మేలు.

సుడో విషయంలోనూ ఇదే న్యాయం. సర్వీసు ఒక్కటి రీస్టార్ట్ చేయడానికి పాస్‌వర్డ్ అడ్డం వస్తుంటే, సుడో నియమాలు దిద్దే వైసుడో ద్వారా ఆ ఒక్క కమాండుకే, పూర్తి దారి రాసి, నోపాస్‌వర్డ్ ఇవ్వండి. అన్నిటికీ ఇవ్వకండి. వీఐ లాంటి ఎడిటర్‌కు అసలే ఇవ్వకండి, దాని లోపలి నుంచి షెల్ తెరుచుకోవచ్చు. మీరు అనుమతించే స్క్రిప్టు రూట్ సొత్తై ఉండాలి. ఆ యూజర్ దాన్ని దిద్దగలిగితే మీరు ఇచ్చింది దొంగ చేతికి తాళాలే.

రెండో దారి: ప్రోగ్రాము చూపించే పక్కవాకిలి

పాస్‌వర్డ్ తప్పనిసరి అయిన ప్రోగ్రాములు చాలావరకు దాన్ని ఫైలు నుంచి చదువుకునే ఏర్పాటు ఇస్తాయి. పోస్ట్‌గ్రెస్‌కు పీజీపాస్ ఫైలు ఉంది. వరుసకు ఒక చోటు చొప్పున సర్వర్, పోర్టు, డేటాబేస్, యూజర్, పాస్‌వర్డ్ రాస్తే సరిపోతుంది. మైఎస్‌క్యూఎల్ హోమ్ డైరెక్టరీలోని మై డాట్ సీఎన్‌ఎఫ్ ఫైలును చదువుకుంటుంది. ఆర్‌సింక్ డీమన్‌కు పాస్‌వర్డ్ ఫైల్ ఆప్షన్, జీపీజీకి పాస్‌ఫ్రేజ్ ఫైల్ ఆప్షన్, కర్ల్‌కు నెట్‌ఆర్‌సీ ఉన్నాయి. గిట్‌హబ్ అయితే 2021 ఆగస్టు 13 నుంచి గిట్ పనులకు ఖాతా పాస్‌వర్డ్ తీసుకోవడమే మానేసింది. టోకెన్ గానీ కీ గానీ ఉండాల్సిందే.

పాస్‌వర్డ్ ఉన్న ఫైలుకు 600 అనుమతి పెట్టాలి. సొంతదారు ఒక్కడే చదవాలి, రాయాలి. ఈ విషయంలో పోస్ట్‌గ్రెస్ పాత తరం తాతయ్యలా నిక్కచ్చిగా ఉంటుంది. అనుమతులు వదులుగా ఉంటే ఆ ఫైలును పక్కన పెట్టేస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ కూడా అందరికీ కనిపించే రహస్య కీని ముట్టుకోదు.

ఫైలులో ఎవరి పాస్‌వర్డ్ పెడుతున్నారో కూడా చూసుకోండి. డేటాబేస్ రూట్ పాస్‌వర్డ్ పెట్టకండి. బ్యాకప్ కోసం వేరే యూజర్‌ను సృష్టించి, చదివే హక్కూ టేబుళ్లను కాసేపు లాక్ చేసే హక్కూ లాంటివి మాత్రం ఇవ్వండి. ఎప్పుడైనా ఆ ఫైలు బయటపడితే, పోయేది ఎంత అన్నది ఈ రోజు మీరు తీసుకునే నిర్ణయంతోనే తేలిపోతుంది.

పాస్‌వర్డ్‌ను కమాండులోనే రాయడం మాత్రం వద్దు. పీఎస్ కొడితే నడుస్తున్న కమాండులన్నీ, వాటి పక్కన రాసిన మాటలతో సహా, మామూలుగా ఆ యంత్రంలోని యూజర్లందరికీ కనిపిస్తాయి. కొన్ని ప్రోగ్రాములు దాన్ని వెంటనే చెరిపేసుకుంటాయి, అయినా చూసేవాడికి ఆ రెప్పపాటు చాలు. మీరు చేత్తో టైపు చేసి ఉంటే షెల్ హిస్టరీలోనూ మిగిలిపోతుంది. స్క్రిప్టులో రాస్తే గిట్‌లోకి వెళ్తుంది. 2016లో ఊబర్‌లో జరిగింది అదే. ఇంజినీర్లు వాడే గిట్‌హబ్ రిపాజిటరీలో క్లౌడ్ కీ మామూలు అక్షరాల్లో ఉండిపోయింది. చొరబడినవాళ్లు దాన్ని పట్టుకుని 5.7 కోట్ల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాల దాకా వెళ్లారు.

ఈ పాఠం కొత్తది కాదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో సీటీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. అందులో పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైలులో, మామూలు అక్షరాల్లో ఉండేవి. ఒకరోజు ఆ ఫైలునూ, లాగిన్ అయిన వాళ్లకు చూపే ఆనాటి ప్రకటననూ ఒకేసారి దిద్దుతుంటే తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. ప్రకటన ఉండాల్సిన చోట అందరి పాస్‌వర్డ్‌లూ ప్రత్యక్షమయ్యాయి. ఎవరూ దాడి చేయలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. అక్షరాలుగా రాసి పెట్టినది ఏదో ఒక రోజు ఎవరో ఒకరి కంట పడుతుందని తెలియడానికి ఆ ఒక్క సంఘటన చాలు.

మూడో దారి: ఎక్స్‌పెక్ట్

పాత నెట్‌వర్క్ స్విచ్‌లు, ఎప్పుడో రాసిన ఇన్‌స్టాలర్లు, సోర్స్ దొరకని ప్రోగ్రాములు మనిషితో తప్ప మాట్లాడవు. అలాంటి వాటి కోసమే, జాన్ ఔస్టర్‌హౌట్ సృష్టించిన టీసీఎల్ భాష మీద కట్టిన ఎక్స్‌పెక్ట్ గురించి 1990లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన డాన్ లైబ్స్ లోకానికి చెప్పారు. ప్రోగ్రాముకు అది ఉత్తుత్తి టెర్మినల్ ఒకటి చూపిస్తుంది. ఎదురుగా మనిషి ఉన్నాడనుకుని ప్రోగ్రాము ప్రశ్న అడుగుతుంది, స్క్రిప్టు జవాబు చెబుతుంది. ముఖ్యంగా తెలియాల్సిన మాటలు మూడే. స్పాన్ అంటే ప్రోగ్రామును మొదలుపెట్టు. ఎక్స్‌పెక్ట్ అంటే ఫలానా మాట కనిపించేదాకా ఆగు. సెండ్ అంటే ఈ జవాబు టైపు చెయ్యి. పైథాన్‌లో ఇదే పనికి పీఎక్స్‌పెక్ట్ ఉంది.

నా అర్ధరాత్రి అలారం నుంచి నన్ను మొదట విడిపించింది ఎక్స్‌పెక్టే. నాకు గట్టి పాఠం చెప్పిందీ అదే. ఒక రాత్రి లైను నెమ్మదించి, ప్రశ్న రావడానికి పది సెకన్లు దాటింది. ఎక్స్‌పెక్ట్ మామూలుగా ఆగేది పది సెకన్లే. ఆ తరువాత ఏం చేయాలో నేను రాయలేదు. రాయకపోతే అది ఆగదు, తరువాతి వరుసకు వెళ్లిపోతుంది. ప్రశ్న రాకముందే జవాబు టైపు చేసింది. అప్పటికి అవతలి ప్రోగ్రాము ఎకో ఆపలేదు. పొద్దున లాగ్ ఫైలు తెరిస్తే సర్వర్ పాస్‌వర్డ్ కొట్టొచ్చినట్టు కనిపించింది. బ్యాకప్ మాత్రం జరగలేదు. ఆ లాగ్ మెయిల్ నలుగురికి వెళ్లేది.

కాబట్టి ఈ దారిలో వెళ్లక తప్పకపోతే నాలుగు జాగ్రత్తలు తీసుకోండి.

1. ప్రతి ఎక్స్‌పెక్ట్‌లోనూ టైమౌట్ అయితే ఏం చేయాలో, అవతలి ప్రోగ్రాము మధ్యలో ముగిసిపోతే ఏం చేయాలో రాయండి. రెండు చోట్లా జవాబు ఒకటే: పాస్‌వర్డ్ పంపకుండా, వైఫల్యాన్ని తెలిపే కోడ్‌తో బయటికి రావడం.
2. పెద్ద ఫైలు కాపీకి పది సెకన్లు చాలవు. పాస్‌వర్డ్ ఇచ్చాక టైమౌట్‌ను తీసేసి, పని ముగిసేదాకా ఆగండి. లేకపోతే స్క్రిప్టు ముగుస్తుంది, దానితో కాపీ కూడా సగంలో తెగిపోతుంది.
3. పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులో రాయకుండా 600 అనుమతి ఉన్న ఫైలు నుంచి చదివించండి. ఆ వరుసల దగ్గర తెర మీద చూపడాన్ని ఆపేయండి.
4. కొత్త సర్వర్ వేలిముద్ర చూపించి ఎస్‌ఎస్‌హెచ్ "కొనసాగాలా?" అని అడిగినప్పుడు, స్క్రిప్టు చేత ఎప్పుడూ యెస్ అనిపించకండి. అది పేరు అడగకుండానే గుమ్మంలో ఉన్నవాడికి బీగం చెవి ఇవ్వడం. ముందే సర్వర్ యజమానిని అడిగి వేలిముద్ర సరిచూసుకుని, నోన్ హోస్ట్స్ ఫైలులో చేర్చండి.

ఏ తలుపు ముట్టుకోకూడదు?

తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు దగ్గర పడితే నాకు ఫోన్లు వస్తాయి. "అన్నా, లాగిన్, ఓటీపీ అన్నీ స్క్రిప్టే కొట్టేసేట్టు చేసిస్తావా?" అని. చేసివ్వను. ఓటీపీ ఉన్నదే, ఆ ఫోను పట్టుకున్న మనిషి నిజంగా అక్కడ ఉన్నాడా అని తెలుసుకోవడానికి. ఆ ప్రశ్నకు యంత్రం చేత అవును అనిపిస్తే అది అబద్ధమే. అదే నిమిషానికి ఇంటిల్లిపాదీ ఫోను ముందు కూర్చున్న కుటుంబం ఎక్కడో ఉంటుంది. మనం వాళ్ల వరుసలోకి దూరినట్టే.

మీ సొంత యంత్రం, లేదా మీకు అప్పగించిన యంత్రం, ఈ రెండిటి మీదే ఈ విద్య ప్రయోగించాలి. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంటాయి. చట్టం లేకపోయినా నా జవాబు మారదు.

దాచడం సగం, అందించడం సగం

తాళ్లపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలో ఒక రాతి అరలో తరాల తరబడి ఉండిపోయాయి.  అంత భద్రంగా ఉన్నా లోకం వాటిని మరిచిపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో అవి వెలుగు చూశాక, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు పరిష్కరించి ప్రకటించాక గానీ అన్నమయ్య మన ఇళ్లలోకి తిరిగి రాలేదు.

నేను దీన్ని నా వృత్తికి వర్తించుకుంటాను. బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌ఫ్రేజ్ నా తలలోనే పెట్టుకుంటే, నాకేమైనా అయిన రోజున ఆ బ్యాకప్ తెరవలేని అర అవుతుంది. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, సీలు వేసి, ఆఫీసు పెద్ద దగ్గర ఉంచండి. ఏ స్క్రిప్టు ఏ కీతో ఏ తలుపు తెరుస్తుందో ఒక పేజీలో రాసి పెట్టండి. "నేను లేకపోతే జరగదు" అన్న గర్వాన్ని వదులుకోవడానికి ఆ పేజీయే మొదటి మెట్టు.

ఈ వారం అభ్యాసం

1. మీ స్క్రిప్టులన్నిటిలో పాస్‌వర్డ్ అనే మాట కోసం వెతకండి. దొరికిన ప్రతి చోటునూ ఒక కాగితం మీద రాసుకోండి.
2. అందులో ఒక్కదాన్ని ఎంచుకోండి. కీతో అవుతుందా, ఫైలుతో అవుతుందా, ఎక్స్‌పెక్ట్ తప్పదా, ఆ వరుసలోనే ఆలోచించండి.
3. కొత్త ఏర్పాటు పనిచేశాక పాత పాస్‌వర్డ్ మార్చేయండి. స్క్రిప్టులోంచి తీసేసినా అది గిట్ చరిత్రలో ఉండిపోతుంది.
4. ఒకసారి కావాలనే కీని పక్కకు తీసి చూడండి. స్క్రిప్టు విఫలమైనట్టు మీకు కబురు వచ్చిందా? రాకపోతే పని పూర్తి కాలేదు.
5. మీరు లేకుండా ఆ పని నడిపించమని ఒక సహోద్యోగిని అడగండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ మీరు రాయాల్సింది మిగిలి ఉంది.

మా ఆఫీసు బ్యాకప్ ఇప్పటికీ రాత్రి పదకొండున్నరకే నడుస్తుంది. దానికి సొంత పేరుంది, సొంత కీ ఉంది. ఒక్క ఫోల్డర్‌లో రాయడం తప్ప ఇంకేమీ చేయలేదు. మదనపల్లె కుర్రవాడికి దాని సంగతంతా తెలుసు, నేను సెలవులో ఉంటే అతనే చూసుకుంటాడు. పొద్దున కాఫీ తాగుతూ ఫోనులో ఒక్క వరుస చదువుతాను: ఎన్ని ఫైళ్లు వెళ్లాయి, ఎంత సేపు పట్టింది. మామ చిన్నకొడుకు పెళ్లిలో మాత్రం విస్తరి ముందు నుంచి లేవలేదు. పాయసం రెండోసారి కూడా వడ్డించుకున్నాను.